దూది ఊరు, నేత ఊరు

మార్గశిరం చలిలో, ఇంకా పూర్తిగా తెల్లారకముందే ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లాను. ట్రాక్టర్లు, ఆటోలు అప్పటికే వరసకట్టి ఉన్నాయి. రాత్రే వచ్చినవాళ్లు పత్తి మూటల మీదే దుప్పటి కప్పుకుని పడుకున్నారు. హమాలీలు లాటు తరువాత లాటును కుప్ప పోస్తున్నారు. పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు తన కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, ఎండుటాకు ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పడేస్తున్నాడు. అంత కుప్పలో ఎన్నని ఏరగలడు? అయినా ఏరుతూనే ఉన్నాడు.

కొనే ఆయన వచ్చాడు. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి పిడికెడు లాగాడు. గింజ నుంచి దూది విడదీసి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి, ఇటు లాగి అటు లాగి పోగులన్నీ ఒకే వైపు వాలేట్టు సర్దాడు. పోగు పొడవు కంటితోనే కొలిచాడు. పిడికిలి బిగించి వదిలి తేమ చూశాడు.

“తేమ ఎక్కువుంది పెద్దాయనా.”

“మంచుకు తడిసింది సామీ. ఎండ తగిల్తే ఆరిపోతాది.”

దానికి బదులు రాలేదు. చీటీ మీద ఒక అంకె పడింది. మొత్తం కలిపి నిమిషం పట్టి ఉంటుందేమో. ఆ నిమిషం గురించి చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అయితే దానికి ముందు ఈ ఊళ్ల సంగతి చెప్పాలి.

ఆదోనిని ఈ చుట్టుపక్కల ‘రెండో బొంబాయి’ అంటారు. కొండమీద విజయనగర కాలపు కోట, కింద సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, చెవిన పడితే తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిసిన మాట. ఇవన్నీ ఉన్నా ఊరికి బొంబాయి పేరు తెచ్చింది మాత్రం దూదే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి దూది రావడం ఆగిపోయినప్పుడు ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి కోసం ఎగబడ్డాయి. 1871లో మద్రాసు నుంచి వచ్చే రైలు దారి, బొంబాయి నుంచి వచ్చే రైలు దారి రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని సరిగ్గా ఆ దారి మీద ఉంది. బళ్లారి, ఆదోని నల్లరేగడిలో పండే పత్తికి వర్తకంలో ‘వెస్టర్న్స్’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉండేది. నంద్యాల వైపు పత్తిని ‘నార్తర్న్స్’ అనేవారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. గీతలు మారాయిగానీ పత్తి బండ్ల దారి మారలేదు. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద పత్తి మార్కెట్ ఆదోనిదే.

యార్డు దాటి జిన్నింగ్ మిల్లుల వైపు నడిస్తే అసలు సంగతి తెలుస్తుంది. క్వింటాలు పత్తి జిన్‌లో పడితే దూది వచ్చేది సుమారు మూడో వంతే. మిగిలినదంతా గింజ. దూదిని ప్రెస్సులో వేసి 170 కిలోల బేళ్లు కడతారు. ధర మాత్రం నేటికీ ఖండి లెక్కన, అంటే 355 కిలోల పైచిల్లరకు చెబుతారు. గింజ నూనె మిల్లుకు పోతుంది. నూనె తీయగా మిగిలిన చెక్క ఎద్దులకు, బర్రెలకు దాణా అవుతుంది. పత్తిలో పారేసేది ఏదీ లేదు.

జిన్నింగ్ సీజన్‌లో మిల్లు ఆగితే గంట గంటకూ నష్టం. రోలరు అరిగిందనుకోండి, చిన్న మిల్లు యజమాని దానికోసం కోయంబత్తూరుకు మనిషిని పంపనక్కర్లేదు. రోలరు తెలిసిన మెకానిక్ పక్క వీధిలో ఉంటాడు. తూకానికి కాటా ఉంది, బేళ్లు కదలడానికి లారీ ఆఫీసు ఉంది, సరుకు మీద అప్పివ్వడానికి పత్తి లెక్క తెలిసిన బ్యాంకు ఉంది, దూదిని చూసి ధర చెప్పగల దలాలు ఉన్నాడు. వీటిలో ఏ ఒక్కటీ చిన్న మిల్లు సొంతంగా పెట్టుకోలేదు. ఊరు మొత్తానికి ఉన్నాయి కాబట్టి దానికీ ఉన్నాయి. ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో అచ్చయిన తన గ్రంథంలో, ఒకే వృత్తివాళ్లు ఒకేచోట గుమిగూడితే కలిగే లాభం ఇదేనని వివరించాడు. ఇప్పుడు దీన్ని క్లస్టర్ అంటున్నాం. ఆదోనికి ఆ మాట తెలియని రోజుల నుంచే ఆ పని తెలుసు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు 30 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆదోనికి 2011 జనాభా లెక్కల్లో 1.66 లక్షల మంది, ఎమ్మిగనూరుకు 95 వేల మంది. పుష్యమాసంలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎమ్మిగనూరులో పశువుల సంత కూడుతుంది. ఎద్దుల జతలు చూడటానికి కర్ణాటక నుంచి కూడా వస్తారు. జాతర లేని రోజుల్లో ఈ ఊరి గుర్తు మగ్గం చప్పుడు. కుర్నివాళ్లు, పద్మశాలీలు, తొగటలు తరతరాలుగా నేస్తున్న ప్రాంతమిది. ఎమ్మిగనూరుతో పాటు గుడేకల్, నాగలదిన్నె, కోడుమూరు కూడా నేత ఊళ్లే. తుంగభద్రకు అవతల గద్వాల పేరు మీద అమ్ముడయ్యే చీరల్లో ఇవతలి ఒడ్డున నేసినవి కూడా ఉంటాయి.

ఒక ఇంట్లో గుంతమగ్గం పక్కన చాలాసేపు కూర్చున్నాను. ఒంటికి నూలు, అంచుకు పట్టు. అందుకని మూడు నాడెలు నడుస్తాయి, ఒంటికి ఒకటి, రెండంచులకు రెండు. నూలూ పట్టూ కలిసే చోట ఒక పోగును ఇంకో పోగులో మెలేసి బిగించాలి. దాన్ని కుప్పడం అంటారు. మెలిక ఒక్కటి తప్పితే రెండు బెత్తెలు పోయాక అంచు వంకర తేలుతుంది. నేసే ఆయన తలెత్తలేదు. ఆయన భార్య రాట్నం మీద కండెలు చుడుతూ తనే మాట్లాడింది. “మా మామ కాలంలో నూలు తెచ్చిచ్చేటోళ్లు, నేసిన బట్ట తీసుకపోయేటోళ్లు. మగ్గం తప్ప మాకు వేరే ఆలోచనే లేకుండె.”

ఆమె చెప్పిన ఆ కాలానికి మూలపురుషుడు మాచాని సోమప్ప. 1938లో ఆయన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. ఊరివాళ్లకు అది సొసైటీ, బయటివాళ్లకు వైడబ్ల్యూసీఎస్. షావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చుకుని, నేసిన బట్టను అతను చెప్పిన ధరకే అతనికే ఇచ్చుకునే నేతగాణ్ణి ఆ ముడి నుంచి తప్పించడం సంఘం పని. నూలు ఒకేసారి కొన్నారు, బట్టను ఒకే పేరు మీద అమ్మారు. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు, తెరబట్టలు ఊరు దాటాయి. వీవర్స్ కాలనీ వెలిసింది. సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఒక్కొక్క మగ్గానికి సాధ్యంకాని రంగు, డిజైను, బజారు వందల మగ్గాలకు కలిపి సాధ్యమయ్యాయి. ఆదోనిలో వర్తకం తనంతట తాను పోగుచేసిన బలాన్ని ఎమ్మిగనూరులో మనుషులు కావాలని కూడగట్టుకున్నారు. నా దృష్టిలో రెండోదే గొప్పది.

తరువాత మరమగ్గం వచ్చింది, నూలు ధర పెరిగింది, రాష్ట్రమంతటా చేనేత సంఘాలు బకాయిల్లో కూరుకుపోయాయి. మగ్గం గుంత పూడ్చి, ఆ చోట కిరాణా అంగడి పెట్టిన ఇళ్లు చూశాను. ఎమ్మిగనూరు దగ్గరి బనవాసిలో టెక్స్‌టైల్ పార్కు అన్న మాట ఏళ్లుగా వినబడుతోంది. పార్కంటే షెడ్లని అనుకున్నంతకాలం అది మగ్గానికి పనికిరాదు.

షెడ్లు కాదు, పనులు ఒక ఊళ్లో కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక దూరపు ఉదాహరణ. జర్మనీలో యేనా అనే ఊరుంది. 1846లో కార్ల్ జైస్ అక్కడ చిన్న వర్క్‌షాపు పెట్టి మైక్రోస్కోపులు చేయడం మొదలుపెట్టాడు. విశ్వవిద్యాలయం నుంచి ఎర్న్‌స్ట్ అబ్బె అనే శాస్త్రవేత్త వచ్చి కటకాల లెక్క తేల్చాడు. గాజు తెలిసిన ఓటో షాట్ 1884లో అదే ఊళ్లో ప్రయోగశాల తెరిచాడు. లెక్క, గాజు, చేతిపని మూడూ ఒక్క ఊళ్లో కలిశాయి. అబ్బె 1889లో ఒక ఫౌండేషన్ స్థాపించి కంపెనీని దాని చేతిలో పెట్టాడు. 1900లోనే కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ముఖ్యమైన నిపుణుల్ని అమెరికన్లు తీసుకుపోయారు, ఫ్యాక్టరీ యంత్రాలను సోవియట్లు విప్పుకుపోయారు. అయినా ఈనాటికీ కాంతి మీద ఆధారపడ్డ పరిశ్రమకు, ఇప్పుడు ఫోటానిక్స్ అంటున్నదానికి, యేనా పెద్ద కేంద్రం. చిన్న చిన్న కంపెనీలు 1999లో ఆప్టోనెట్ అనే సంఘంగా ఏర్పడ్డాయి. కోట్ల ఖరీదు చేసే కొలత యంత్రం ప్రతి కంపెనీకీ అక్కర్లేదు, ఊళ్లో సంస్థకు ఉంటే అందరికీ పనికొస్తుంది. కటకం సానపట్టేవాడు, పూత పూసేవాడు, లేజర్ అమర్చేవాడు సైకిలు దూరంలో ఉంటారు. రోలరు అరిగితే పక్క వీధిలో మెకానిక్ దొరికే ఆదోనికీ దీనికీ పద్ధతిలో తేడా ఏముంది?

కాంతి మాట యేనాకే పరిమితం కాదు, కర్నూలు జిల్లా దాకా వచ్చింది. 2025 ఏప్రిల్ 13న కర్నూలులోని డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రంలో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం డ్రోన్లను గాలిలోనే కూల్చింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఛెస్. దానికంటే ముందే, 2017లో, గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. సుమారు ఆరు వేల ఎకరాల మీద పలకలు పరిచారు. ఎండ మనది, నేల మనది. పలకలు మాత్రం వేరేచోట తయారై వచ్చాయి. కట్టేటప్పుడు కూలి దొరికింది. కట్టాక మిగిలేది పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా. సోలార్ పార్కు వద్దనడం లేదు, కరెంటు అందరికీ కావాలి. కానీ పరిశ్రమ మన నేల మీద ఉండటం వేరు, మన ఊళ్లో వేళ్లూనడం వేరు. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు పారిశ్రామికవాడ గురించి పెద్ద పెద్ద మాటలు వింటున్న ఈ రోజుల్లో ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. లేజర్లో చిప్పులో అక్కడికి వస్తే కర్నూలులో, ఆదోనిలో, ఎమ్మిగనూరులో చదివే పిల్లలు ఆ పని నేర్చుకునే ఏర్పాటు ఉండాలి. ఇక్కడి లేత్ వర్క్‌షాపుకు అక్కడి నుంచి ఆర్డరు రావాలి. లేకపోతే అదీ ఇంకో సోలార్ పార్కే అవుతుంది.

ఇప్పుడు ఆ నిమిషం దగ్గరికి వస్తాను. దూదిని కాంతితో కొలిచే యంత్రం ఉంది. వర్తకులు దాన్ని హెచ్‌వీఐ అంటారు. దూదిని గాజుపలకకు అదిమి దాని మీద వెలుతురు వేస్తే, ఎంత వెలుతురు తిరిగి వస్తుందో, అందులో పసుపు ఎంతో అంకెల్లో చెబుతుంది. దువ్విన పోగుల గుత్తి గుండా కాంతి పంపి పొడవు తేలుస్తుంది. అమెరికాలో దాదాపు ప్రతి బేలునూ ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఇలాగే పరీక్షిస్తుంది. స్పిన్నింగ్ మిల్లులు ఈ అంకెలు చూసే దూది కొంటాయి. అంటే పోగు పొడవుకు, తెల్లదనానికి విలువ ఉంది. ఆ విలువ మిల్లు గడపలో తేలుతోంది, రైతు కుప్ప దగ్గర తేలడం లేదు. కుప్ప దగ్గర ఇంకా వేళ్లే. ఆ వేళ్ల అనుభవాన్ని తక్కువ చేయను, అది ఒక జీవితకాలపు చదువు. అయితే ఆ చదువు కొనేవాడి పక్షాన నిలబడి ఉంది. రైతు పక్షాన చూసేవాళ్లెవరూ లేరు. తేమ సంగతీ అంతే. ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 నుంచి 12 శాతం తేమ దాకా కొంటుంది, 8 దాటితే ధర తగ్గిస్తుంది. పిడికిలి బిగిస్తే 9కీ 11కీ తేడా ఎంతమందికి తెలుస్తుంది?

ఆకుముక్కలు ఏరుతున్న ఆ రైతు పని కూడా కాంతి పనే. మిల్లుల్లో కెమెరాలు పెట్టి, దూదిలో కలిసిన వెంట్రుకనూ ప్లాస్టిక్ సంచి పీచునూ పట్టి బయటికి తోసేస్తారు. ఆ ప్లాస్టిక్ పీచు చాలావరకు చేలో వాడిన సంచి నుంచి వచ్చిందే. నూలుగుడ్డ సంచిలో ఏరి తెచ్చిన రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ రావాలంటే ఆ శుభ్రతను ఎవరో కొలిచి కాగితం మీద రాయాలి.

ఆదోని యార్డులో ఒక గది చాలు. పిడికెడు పత్తిని గింజ తీసే చిన్న జిన్, తేమ, వేడి సమంగా ఉంచే ఏర్పాటు, కాంతితో కొలిచే యంత్రం, దాన్ని నడపగల నలుగురు పిల్లలు. జిన్నింగ్ మిల్లులకూ అదే గది పనికొస్తుంది, ఎమ్మిగనూరు సంఘం కొనే నూలుకూ అదే గది పనికొస్తుంది. మార్కెట్ కమిటీ వసూలుచేసే సెస్సు రైతు పత్తి మీద వచ్చిందే. యంత్రం ఖరీదు ఏ ఒక్క మిల్లుకైనా ఎక్కువ, యార్డుకు ఎక్కువ కాదు.

సీజన్ ముగిశాక కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లను వదిలి, పిల్లల్ని బడి మాన్పించి గుంటూరు మిరపకాయల కోతకు పోతారు. ఈ ప్రాంతంలో దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఆ పోయేవాళ్లలో పత్తి పండించినవాళ్లూ ఉన్నారు, నేత మానేసినవాళ్లూ ఉన్నారు. ఆదోని మార్కెట్ కమిటీకి, కర్నూలు జిల్లా యంత్రాంగానికి నా విన్నపం ఒక్కటే. ఓర్వకల్లులో కాంతి పరిశ్రమలు వచ్చేదాకా ఆగకుండా, వచ్చే దసరాకు కొత్త పత్తి దిగేలోపు యార్డులో ఆ గది తెరవండి.