భోగిమంటకి వెళ్ళని చెట్టు

పండగ అయిపోగానే స్టార్లూ, రంగుకాగితాలూ అట్టపెట్టెల్లో సర్దేస్తాం. మరి చెట్టు సంగతో? విదేశాల్లో క్రిస్మస్ చెట్టంటే ఫర్, స్ప్రూస్ లాంటివి. మన కోస్తా జిల్లాల్లో మాత్రం చాలా ఇళ్ళల్లో సరుగుడు చెట్టే క్రిస్మస్ చెట్టు. బాపట్ల, చీరాల వైపు సముద్రం ఒడ్డున సరుగుడు తోటలకి కొదవేముంది? వంటచెరకుకీ, పందిళ్ళకీ వాడే ఆ చెట్టే డిసెంబరు వచ్చేసరికి సీరియల్ బల్బులు కట్టుకుని పెళ్ళికూతురైపోతుంది. ఇప్పుడు ప్లాస్టిక్ చెట్లు వచ్చాయనుకోండి, అయినా ఆ పచ్చివాసన వాటికి రాదు కదా!

మా ఇంట్లో చెట్టు పని అత్తయ్యగారిదే. ఆరడుగుల పిల్లచెట్టు తెప్పించి, ఇసక నింపిన బకెట్లో నిలబెట్టి, చుట్టూ ఇటుకలు పేర్పించేవారు. సంక్రాంతి దగ్గర పడ్డాక వీధి పిల్లలొచ్చి, "మామ్మగారూ, భోగిమంటకి మీ చెట్టు ఇస్తారా?" అని అడిగేవారు. ఎండిన సరుగుడు భగ్గున మండుతుంది, వాళ్ళకదో సంబరం. ఆవిడ నవ్వుతూ ఇచ్చేసేవారు.

2023 జనవరి మొదటి వారంలో అత్తయ్యగారు ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. చెట్టు వరండాలో అలాగే ఉండిపోయింది. జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు సామాను పంపకాలు మొదలయ్యాయి. ఇత్తడి గంగాళం ఎవరికన్న దగ్గర మా ఆడపడుచుకీ, చిన్న తోడికోడలికీ మాటా మాటా పెరిగింది. మధ్యాహ్నం భోజనాలు కూడా ఎవరి గదిలో వాళ్ళే చేశారు.

సరిగ్గా అప్పుడే భోగి పిల్లలొచ్చారు. తీసుకెళ్ళమనడానికి నాకు నోరు రాలేదు. మా ఆడపడుచు గబగబా వచ్చి, "అమ్మ పెట్టిన చెట్టు, ఇవ్వను" అంది. వెనకాలే వచ్చిన చిన్న తోడికోడలు, "అవును వదినా, ఇవ్వొద్దు" అంది. పొద్దుటినుంచి వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడింది అప్పుడే! పిల్లలకి అటక మీది విరిగిన కుర్చీ ఇచ్చి పంపించాను.

మావారు కొమ్మలు కొట్టేసి, కాండాన్ని అంగుళం మందాన బిళ్ళలుగా కోశారు. మొదలు దగ్గర మణికట్టంత లావు, పైకి పోయేకొద్దీ సన్నం. పదిహేను బిళ్ళలొచ్చాయి.

మీరూ చెయ్యాలనుకుంటే ఒక్క మాట. పచ్చి బిళ్ళల్ని ఎండలో పెట్టకండి. సరుగుడు గట్టి కర్ర, త్వరగా ఆరితే మధ్యనుంచి అంచు దాకా పగులుతుంది. పాత పేపర్లో చుట్టి, నీడన మూడు నాలుగు వారాలు ఆరనివ్వండి. కాగితం చెమ్మగిల్లితే మారుస్తూ ఉండాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్ని పగులుతాయి, మావి మూడు పగిలాయి. అందుకని కొన్ని ఎక్కువే కోసుకోండి. ఆరాక ముందు గరుకు శాండ్ పేపరుతో, తర్వాత నున్నటిదానితో రుద్ది, అంచు దగ్గర డ్రిల్లుతో బెజ్జం పెట్టించండి. బొమ్మలు వేశాక వార్నిష్ పూత పూస్తే చాలు. ఎండిన సరుగుడు ఆకు మాత్రం కొవ్వొత్తుల దగ్గర ఉంచకండి. మేము దాన్ని పూలకుండీల్లో మట్టిమీద పరిచాం.

వేసవి సెలవులకి పిల్లలంతా వచ్చినప్పుడు రంగులు తీశాం. చిన్నవాళ్ళు నక్షత్రాలూ, గొర్రెపిల్లలూ వేశారు. పెద్దవాళ్ళు రాలిన సరుగుడు కాయలు దారానికి గుచ్చి వెండిరంగు వేశారు. ప్రతి బిళ్ళ వెనకాలా '2022, నానమ్మ చెట్టు' అని రాయించాను. మా ఆడపడుచు పిల్లలు మాత్రం 'అమ్మమ్మ చెట్టు' అని దిద్దుకున్నారు. ఇంటికి నాలుగేసి బిళ్ళలు. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

గంగాళం చివరికి మా ఆడపడుచే తీసుకెళ్ళింది. చిన్న తోడికోడలి మనసులో ఆ ముల్లు పూర్తిగా పోయిందని నేననను. కానీ ఆ ఏడాది క్రిస్మస్‌కి ఇద్దరూ తమ చెట్ల ఫోటోలు పంపించుకున్నారు. అత్తయ్యగారి బిళ్ళలు రెండిళ్ళలోనూ పైకొమ్మకే ఉన్నాయి. గంగాళం గురించి ఎవరూ ఎత్తలేదు. ఒక పాత చెట్టు అంతమాత్రం పని చేసిపెట్టింది, నాకది చాలు.