పొడుగు మాటతో వచ్చిన చిక్కు

మా కాలేజీ ఇంగ్లీషు మాష్టారు కిందటేడు రిటైరయ్యారు. ఇంటర్మీడియట్‌లో నాకు పాఠం చెప్పిన గురువుగారు. తర్వాత స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆయనదే. వీడుకోలు సభకు సన్మానపత్రం రాసే పని నా నెత్తిన పడింది. హాయిగా తెలుగులో రాసి ఊరుకుంటే పోయేది. ఆయన భాషలోనే రాసి మెప్పిద్దామన్న దుర్బుద్ధి పుట్టింది నాకు.

"మీ సుదీర్ఘ సేవ" అన్నమాట ముందు మనసులో తయారైంది. 'లాంగ్' అని రాసి కొట్టేశాను. లాంగ్ అంటే పొడుగేగా! తాడు పొడుగు, జడ పొడుగు. 33 ఏళ్ల సేవకు అంత చప్పటి మాటా? వెతగ్గా వెతగ్గా 'లెంగ్తీ' దొరికింది. చూడ్డానికి నిండుగా ఉంది. 'లెంగ్తీ సర్వీస్' అని రాసి, అచ్చు వేయించి, పటం కట్టించి, సభలో గొంతెత్తి చదివాను కూడా.

మాష్టారు నవ్వారు. పక్కన కూర్చున్న పిన్నిగారు మాత్రం తల దించుకున్నారు. ఆవిడ కూడా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినావిడే. అప్పటికీ నాకేమీ తట్టలేదు. ఆ తర్వాత రెండుసార్లు వాళ్లింటికి వెడితే కాఫీ వచ్చింది గాని పిన్నిగారు ముందు గదిలోకి రాలేదు. చివరకు మా ఆవిడ చెప్పింది. "ఈయన ఎప్పుడు పోతాడా అని 33 ఏళ్లూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నట్టు రాశాడమ్మా" అన్నారట.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. తెల్లారగానే వెళ్లి మాష్టారి ముందు నిలబడ్డాను.

"కూర్చోవోయ్" అన్నారాయన. "లాంగ్ అనేది టేపు పెట్టి కొలిచే మాట. అందులో ఎవరి విసుగూ ఉండదు. లెంగ్తీ అన్నావనుకో, అవతల ఒకడు కూర్చుని గడియారం చూసుకుంటున్నాడన్నమాట. ప్రతిసారీ తిట్టు కాదు. దస్తావేజు లెంగ్తీ కావచ్చు, ఉపన్యాసం లెంగ్తీ కావచ్చు. మనిషిని 'లాంగ్ లైఫ్' అని దీవిస్తాం. 'లెంగ్తీ లైఫ్' అంటే వారసులు గుమ్మంలో కాచుకుని ఉన్నట్టు!"

ఈ మాట అమెరికా నుంచి దిగుమతి అయిందని 18వ శతాబ్ది చివర్లో ఇంగ్లండు విమర్శకులు మూతి విరిచారట. వాళ్లు దాన్ని గట్టిగా ఆపేసి ఉంటే నా పరువు దక్కేది.

నా పొరపాటు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. మన తెలుగులో పొడుగు కంటే దీర్ఘం గొప్ప, దీర్ఘం కంటే సుదీర్ఘం గొప్ప. మాట బరువెక్కిన కొద్దీ మర్యాద పెరుగుతుంది. ఇంగ్లీషులోనూ అంతేననుకున్నాను. విసుగు చూపాలంటే మనం వేరే దారి పడతాం. చాంతాడంత ఉత్తరం అంటాం, జీడిపాకంలా సాగదీశాడంటాం. దీర్ఘాలు తీయడం కూడా మెచ్చుకోలేం కాదు, అది వ్యాకరణంలో తప్ప!

మాష్టారికి పాఠం చెప్పే అవకాశం దొరికింది, ఇక వదల్లేదు. మనకు మనిషీ పొడుగే, జడా పొడుగే. వాళ్లకు జడ లాంగ్, మనిషి టాల్. నేలమీంచి నిటారుగా లేచిన సన్నటి వాటికి టాల్. కొండ మాత్రం హై. ఈ 'టాల్' ఒకప్పుడు ధీరుడనే అర్థంలో కూడా చెల్లిందట. కోర్టులో నలిగే వ్యాజ్యం ప్రొట్రాక్టెడ్. సాయంత్రం సాగిన నీడ ఇలాంగేటెడ్. బ్రీఫ్‌గా మాట్లాడితే మర్యాద, షార్ట్‌గా మాట్లాడితే కసురుకున్నట్టు.

ప్రొలాంగ్డ్ అనగానే నాకు మా నాన్నగారి ఆస్పత్రి కాగితం గుర్తుకొచ్చింది. 'ప్రొలాంగ్డ్ ఇల్‌నెస్' అని రాసుంది అందులో. అనుకున్నదానికంటే సాగినది అని ఆ మాటకు అర్థమన్నారు మాష్టారు. ఆ నాలుగు నెలలూ మేము చేసింది అదే మరి, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అని సాగించుకోవడం. ఆ గుమాస్తా ఎవరో గాని సరైన మాటే వేశాడు.

లోపలి నుంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పిన్నిగారు వింటున్నారని తెలిసి, గుమ్మం దగ్గరకు వెళ్లాను.

"పిన్నిగారూ, నాకు ఇంగ్లీషు రాక రాసిన మాట అది. ఆయన ఇంకో 33 ఏళ్లు నా పక్క కుర్చీలో ఉంటే బాగుండునని నా బాధ."

ఆవిడ ఏమీ అనలేదు. గోడ దగ్గరకు వెళ్లి, మేకుకు వేలాడుతున్న పటం తీసి, కొంగుతో అద్దం తుడిచి నా చేతిలో పెట్టారు.

"ఈసారి పొట్టి మాటే వెయ్యించు నాయనా."

ఆ సాయంత్రమే ప్రెస్సుకు వెళ్లాను. కుర్రాడు దిద్ది చూపించాడు. "మూడక్షరాలు తగ్గాయి సార్, లైనులో ఖాళీ కనిపిస్తోంది. ఇంకో మాటేమైనా కలపమంటారా?"

వద్దన్నాను.