మౌలాలి గుట్ట కింద

ఉప్పల్ నుంచి నాచారం పారిశ్రామికవాడ మీదుగా మౌలాలి చేరాను. ఈ గుట్టకు జనం మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు. నేను షా తజల్లీ అలీ కోసం వచ్చాను. రెండో నిజాం అలీ ఖాన్ (1762–1803) కొలువులో ఆయన చిత్రకారుడు, కవి, చరిత్రకారుడు. ఆ పాలన కథను ‘తుజుక్-ఎ-ఆసఫియా’ పేరుతో ఫార్సీలో రాశాడు. రజబ్ నెల ఉర్సుకు ఆ కొలువు ఈ కొండకే కదిలి వచ్చేది.

బండరాతి మెట్లెక్కి దర్గా దగ్గర కాసేపు కూర్చున్నాను. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో, యాకూత్ అనే సేవకుడికి వచ్చిన కలతో ఈ చోటు వెలసిందని చెబుతారు. కింద రైలు పట్టాలు, కాలనీలు, డాబాల మీద నీళ్ళ ట్యాంకులు.

దిగి అదే కొలువు కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి తోటకు నడిచాను.

“చెప్పులు ఆడనే ఇడ్వుండ్రి సారూ,” అన్నాడు కాపలా పెద్దాయన.

1792లో తల్లి కోసం కట్టించిన చోటే మహలఖా కూడా 1824లో విశ్రమించింది. 2010–11లో బాగు చేశాక గోడలూ పూలచెట్లూ మళ్ళీ నిలిచాయి. ఆమె గజళ్ళ ప్రతి ఒకటి 1799లో బ్రిటిష్ అధికారి జాన్ మాల్కమ్‌కు కానుకగా వెళ్ళి ఇప్పుడు లండన్‌లో ఉంది. తన కోసం ‘మాహ్‌నామా’ అనే చరిత్ర కూడా రాయించుకుంది. ఎంత ముందుచూపు!

మరి ఆమె కాలంలోనే అదే కొలువులో కుంచె పట్టిన వెంకటాచలం? నిజాం దివాను అరస్తూ జాను ఎంతో నాజూకుగా గీసిన మన తెలుగు పేరువాడు. ఆయన పుట్టిన ఊరేదో నేను ఎక్కడా చదవలేదు.

చిత్రకారుల జీవితాలు రాసిపెట్టే పని రోమ్‌లో జొవాన్నీ బాల్యోనె చేశాడు. తనపై ఎగతాళి పద్యాలు రాశారని 1603లో తోటి చిత్రకారుడు కారవాజ్జోను కోర్టుకీడ్చిన చిత్రకారుడాయన. 1642లో చిత్రకారుల జీవితాలు అచ్చువేసినప్పుడు మాత్రం ఆ శత్రువుకూ చోటిచ్చాడు. కారవాజ్జో గురించి నేటికీ చరిత్రకారులు తిరగేసే పుస్తకాల్లో అదొకటి. తజల్లీ అలీ చేతిలో కుంచె, కలం రెండూ ఉన్నాయి; ఆ కలం పాలకుల వెంటే నడిచింది. నాకది తీరని లోటు.

దక్కనీ చిత్రం ఎక్కడ కనబడినా రాజు ముఖం చూసి ముందుకు వెళ్ళిపోకండి. దాన్ని గీసిందెవరో అడగండి.