పీహెచ్‌డీ అయ్యాక మళ్ళీ సదువేటి?

మా తోడికోడలు డాక్టరు. సూది వేసే డాక్టరు కాదు, సోషియాలజీలో పీహెచ్‌డీ చేసిన డాక్టరు. ఈ తేడా మా వీధిలో చెప్పీ చెప్పీ అలిసిపోయాం. ఎదురింటి పిన్నిగారు ఇప్పటికీ షుగరు రిపోర్టు పట్టుకుని వస్తారు. తనూ ఓపిగ్గా చూసి, "పిన్నిగారూ, ఇది అసలు డాక్టరుకి చూపించండి" అని పంపిస్తుంది.

పట్టా చేతికొచ్చిన ఏడాదికే బాబు పుట్టాడు. వాడికిప్పుడు రెండున్నరేళ్ళు. మొన్న సంక్రాంతికి అందరం కూర్చుని అరిసెలు వత్తుతుంటే, ఈ ఏడాది పోస్ట్‌డాక్‌కి అప్లై చేస్తానంది. మా అత్తగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏటే, పెద్ద పరీచ్చ పాసైపోనాదన్నారు కదా, మళ్ళీ ఈ సదువేటి? గుంటడ్ని ఎవులు సూస్తారు?"

నిజం చెప్పాలంటే మా మరిదికీ, మా ఆయనకీ కూడా అదే అనుమానం. నోటితో అన్నది మాత్రం ఆవిడొక్కరే.

మీలో కూడా ఇంట్లో పెద్ద చదువులు చదివిన ఆడపిల్లలో, కోడళ్ళో ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి, నాకు అర్థమైనంత రాస్తాను. పోస్ట్‌డాక్ అంటే ఇంకో పరీక్ష కాదు. పీహెచ్‌డీ అయ్యాక, ఉద్యోగంలో స్థిరపడే లోపు, రెండు మూడేళ్ళు నెలనెలా ఫెలోషిప్ డబ్బు తీసుకుంటూ సొంతంగా ఒక పరిశోధన చేయడం. మార్కులుండవు, చివర్లో పట్టా కూడా ఇవ్వరు. లా చదివిన కుర్రాడు సీనియరు దగ్గర చేరినట్టు అనుకోండి. కాకపోతే ఇక్కడ కేసు తనదే. అంటే ఇది చదువు కాదు, పని. ఈ ఒక్క ముక్క మా ఇంట్లో అర్థం కావడానికి నెల పట్టింది. "ఉద్యోగానికి వెళ్తానంది" అంటే "ఎక్కడ, జీతమెంత" అని అడిగేవాళ్ళు, "చదువుకుంటానంది" అనుకునేసరికి "ఇంకా ఎన్నాళ్ళు" అన్నారు. మగపిల్లాడు ఇదే మాటంటే ఏమనేవారో మీకు తెలుసు.

తను చేయాలనుకుంటున్న విషయం వింటే మీకు నవ్వొస్తుందేమో. ఎవరిని పనిమంతులంటాం, ఎవరిని నిపుణులంటాం, ఎవరిని ఊరికే "చేతివాటం ఉంది" అని వదిలేస్తాం, అనేదాని మీద. వృత్తుల గురించి, నైపుణ్యం గురించి చదవడానికి సోషియాలజీలో పెద్ద శాఖే ఉందట. ఆండ్రూ ఎబట్ అనే ఆయన 1988లో దీని మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. తను నాకు చెప్పిన సారాంశం ఇది: వృత్తులన్నీ పొలం గట్ల తగాదా లాంటివి. ఈ జబ్బు నాది, ఈ లెక్క నాది, ఈ గొడవ తీర్చడం నాది అని ఒక్కో వృత్తి తన గట్టు జరుపుకుంటూ పోతుంది. గట్టు జరిగినప్పుడు ఎవరిదో పొలం తగ్గుతుంది.

నాకు వెంటనే మంత్రసాని గుర్తొచ్చింది. మా అత్తగారి పెద్ద కానుపు ఇంట్లో మంత్రసాని చేతి మీద జరిగింది. చిన్న కానుపు ఆసుపత్రిలో. ఆసుపత్రులు రావడం వల్ల ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో మనకి తెలుసు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ బిడ్డ అడ్డం తిరిగిందో లేదో కడుపు మీద చెయ్యి వేసి చెప్పిన మనిషికి తెలిసినదంతా ఏమైంది? ఎవరూ రాసుకోలేదు. బ్రిగిట్ జోర్డాన్ అనే ఆవిడ 1978లో నాలుగు చోట్ల కానుపులు చూసి పుస్తకం రాసింది. ఒక గదిలో నలుగురికి నాలుగు సంగతులు తెలిసినా, అందులో ఒక్కరి మాటే లెక్కలోకి వస్తుందని ఆవిడ గమనించింది. పురుడు పోసుకున్న ఏ ఆడదాన్ని అడిగినా ఈ మాట చెబుతుంది. కాకపోతే మనల్ని ఎవరూ అడగలేదు.

ఇంకొకటి చెప్పింది, అది నాకు భలే నచ్చింది. హ్యారీ కాలిన్స్ అనే ఆయన 1970ల్లో బ్రిటన్‌లో లేజరు యంత్రం తయారుచేసే సైంటిస్టుల వెనకాల తిరిగాడట. అచ్చయిన వివరాలన్నీ దగ్గర పెట్టుకుని, కేవలం చదివి చేసినవాళ్ళెవరికీ అది పనిచేయలేదు. అప్పటికే చేసిన చోటికి వెళ్ళి, చూసి, మాట్లాడి వచ్చినవాళ్ళకే కుదిరింది. "ఇంకేముంది, యూట్యూబ్‌లో చూసి అరిసెలు చేసినట్టే" అన్నాను. "అచ్చంగా అదే అక్కా" అంది. పాకం దగ్గర దెబ్బ తిననివాళ్ళు ఎవరు చెప్పండి.

మా విజయనగరానికి ఈ గొడవ కొత్తదేమీ కాదు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని మొదటి ప్రిన్సిపాలుగా వేశారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వయొలిన్ విని, ఈయన నేర్చుకోవడమేమిటి, నేర్పాలి గానీ అని అధ్యాపకుడిగా తీసుకున్నారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికాయనకి ఇరవయ్యారేళ్ళు. ఇప్పుడైతే ఏ పట్టా ఉందని అడిగేవారు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేసింది. నేర్పినాయనకి పూటపూటా అన్నం వండి పెట్టిందెవరో ఊహించడం మనకి కష్టం కాదు.

సరే, అసలు సంగతికి వస్తాను. తను తీసుకున్నది పొందూరు ఖద్దరు. పొందూరు మా అత్తగారి పుట్టిల్లు. ఆవిడ అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ వడికినవాళ్ళే. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వడం మీరు టీవీలోనో పేపర్లోనో చూసే ఉంటారు. దాన్ని చూపించి "వింత" అని రాస్తారు, వెళ్ళిపోతారు. ఆ తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి పాడవకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టి, ఒంటి కదురు రాట్నం మీద వడకడం దాకా, ఇందులో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతుల్లోనే ఉంది. గాంధీగారు మెచ్చిన నూలు అది. మెచ్చుకోళ్ళన్నీ బట్టకి దక్కాయి. వడికిన చేతికి చిలపకింత అని కూలి.

అప్లికేషన్‌లో చిన్న నమూనా కావాలని, తను అత్తగారిని కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేసింది. నేను పక్కనే వంకాయలు తరుగుతున్నాను.

"ఎంతసేపు దువ్వాలి అత్తయ్యా?"

"సాలన్నంత వరకు."

"చాలని ఎలా తెలుస్తుంది?"

"సెయ్యి సెప్తాది."

"చెయ్యి ఏం చెప్తుంది?"

ఆవిడకి కోపం వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, గాలి తగిలితే పాల మీద మీగడ ఎలా జరుగుతుందో అలా జరగాలంది. వర్షాకాలం పత్తి చేతికి బరువొస్తుందంది. ఎర్రపత్తికీ కొండపత్తికీ పోగు సాగే తీరు వేరంది. గంటన్నర చెప్పింది. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా కోడల్ని, నాకు అందులో ఒక్క ముక్క తెలియదు. చివర్లో "ఇవన్నీ రాసుకుంటే డబ్బులిస్తారేటే?" అని అడిగింది. ఇస్తారని చెబితే, "మరి మాకివ్వరేటి?" అంది. తోడికోడలు ఆ వాక్యాన్ని అప్లికేషన్‌లో మొదటి పేజీలోనే పెట్టింది.

ఇలాంటి పని మనవాళ్ళు ఎవరూ చేయలేదా అని అడిగాను. అన్నపూర్ణ మామిడిపూడిగారి పేరు చెప్పింది. ఆవిడ ఇంజనీరింగు చదివి, దస్త్‌కార్ ఆంధ్రాతో కలిసి చేనేత వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి, ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో చేనేత మీద పీహెచ్‌డీ చేశారు. నేత అంటే చచ్చిపోతున్న పాత పద్ధతి కాదు, ఇప్పటికీ కొత్తవి కనిపెడుతున్న విజ్ఞానం అన్నది ఆవిడ వాదన. తర్వాత జర్మనీలో, మ్యూనిక్‌లోని డాయిచ్ మ్యూజియంలో పెనెలొపి అనే ప్రాజెక్టులో పరిశోధన చేశారు. పెనెలొపి గ్రీకు కథలో ఒక ఇల్లాలు. మొగుడు ఇరవై ఏళ్ళు ఊళ్ళు పట్టి తిరుగుతుంటే, పగలు నేసింది రాత్రి విప్పుతూ ఇల్లు కాపాడుకుంటుంది. ఇంటిపనికి అంత సరైన బొమ్మ నేనింకెక్కడా చూడలేదు. ఆవిడ పేరు పెట్టి యూరప్ వాళ్ళు పరిశోధనకి డబ్బులిచ్చారంటే, మా ఇంట్లో వాళ్ళు కాస్త తగ్గారు.

అవకాశాల సంగతి. ఢిల్లీలో ఐసీఎస్ఎస్ఆర్ అని సామాజిక శాస్త్రాల మండలి ఉంది, 1969 నుంచి. వాళ్ళ పోస్ట్‌డాక్ రెండేళ్ళు. ఏదైనా విశ్వవిద్యాలయమో పరిశోధన సంస్థో చోటిస్తామని ఒప్పుకోవాలి. యూజీసీ 2022లో రాధాకృష్ణన్ గారి పేరుతో ప్రకటించిన పథకంలో నెలకి 50,000 రూపాయలు, మూడేళ్ళు, మొత్తం 900 మందికి, అందులో 30 శాతం ఆడవాళ్ళకి అన్నారు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో కన్నేసి ఉంచాలి. యూరప్‌లో మేరీ క్యూరీ పేరు మీద ఇచ్చేదానికి ఏ దేశం వాళ్ళయినా పెట్టుకోవచ్చు. పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ళ పరిశోధన అనుభవం దాటకూడదంటారు గానీ, పిల్లల కోసం ఆగిన కాలాన్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. ఈ చివరి మాట విన్నప్పుడు తన మొహం చూడాల్సింది. ఇన్నాళ్ళూ ఆ రెండున్నరేళ్ళని బయోడేటాలో ఎక్కడ దాచాలా అని చూస్తోంది పాపం.

దాచాలనిపించడానికి కారణం ఉంది. కిందటేడు ఒక చోట ఇంటర్వ్యూకి వెళ్తే, పెద్దాయనొకరు పరిశోధన గురించి రెండు ప్రశ్నలు, బాబు గురించి మూడు ప్రశ్నలు అడిగారట. అదే బాబుకి నాన్న అయిన మా మరిదికి ఆ ఏడాదే ప్రమోషన్ వచ్చింది. అతన్ని బాబు పాలు తాగాడా అని కూడా ఎవరూ అడగలేదు.

కాబట్టి బాబు సంగతి మేమే తేల్చుకున్నాం. తను పొందూరులో ఉండే రోజులు వాడు నా దగ్గర. పెద్ద దూరమేం కాదు, వారాంతానికి వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో ఉండాల్సిన నెలలు మాత్రం బాబుని తీసుకెళ్ళాలి, మా మరిది కూడా సెలవు పెట్టాలి. నేను ఊరికే చూడనని కూడా చెప్పాను. మా అమ్మాయి ఇంటర్‌లో చేరాక మధ్యాహ్నాలు కుట్టుపని పెట్టుకుందామని రెండేళ్ళుగా అనుకుంటున్నాను, అది ఆగదు. ఫెలోషిప్ వస్తే అందులోంచి వంటకి మనిషిని పెట్టాలి. డబ్బు ఆలస్యమైతే ఆ జీతం మా మరిది ఇవ్వాలి. ఫెలోషిప్ డబ్బు నెలనెలా ఠంచనుగా రాదని ముందు చేసినవాళ్ళు చెప్పారు. మా మరిది కాసేపు నసిగి ఒప్పుకున్నాడు. కాగితం మీద రాయించుకున్నాను, ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

అత్తగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "గుంటడు అమ్మ కోసం బెంగెట్టుకుంటాడు" అంటుంది, అది అబద్ధం కాదు. కానీ మొన్న పొందూరులో వాళ్ళ మేనకోడలికి ఫోన్ చేసి, మా చిన్నకోడలొస్తాది, అడిగినవన్నీ సెప్పండి, కసురుకోకండి అంది. కాగితాలు వెళ్ళాయి. ఫలితం తెలియడానికి ఇంకా నెలలు పట్టొచ్చు, వచ్చాక రాస్తాను. ఈలోగా వాడికి నా దగ్గర పడుకోవడం అలవాటు చేస్తున్నాం. మూడు రాత్రులయింది, రెండు రాత్రులు ఏడ్చాడు.