ఫుట్‌బోర్డు ఏ బస్సుకి?

"ఫుట్‌బోర్డుకి అల్యూమినియం ప్లేటు కావాలండీ" అన్నాను రాణీగంజ్‌లో ఓ కొట్లో.

"ఏ బస్సుకన్నా? సిటీ బస్సా, స్కూలు బస్సా?"

"బస్సుకి కాదండీ, డ్రమ్స్‌కి."

"డ్రమ్ముకు ఫుట్‌బోర్డేంది?" అని పక్కనున్న కుర్రాడి వంక చూసి నవ్వాడు. ఆయన తప్పేం లేదు. మన దగ్గర ఫుట్‌బోర్డంటే వేలాడ్డానికే కదా. డ్రమ్స్ వాయించేవాళ్ళకి మాత్రం అది వేరే వస్తువు. నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్ముని కాలితో కొట్టే పెడల్‌ని చూసే ఉంటారు. అందులో పాదం పెట్టే పలకే ఫుట్‌బోర్డు. వెనక మడమ దగ్గర హింజి, ముందు చివర చైను. నొక్కితే చైను లాగుతుంది, బీటరు వెళ్ళి డ్రమ్ముని తంతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాక్కొస్తుంది. అంతే యంత్రం.

ఇది కొట్లో దొరుకుతుంది కదా, సొంతంగా చేసుకునే ఖర్మేంటి అంటే, దానికో కథుంది.

2023 వానాకాలంలో ఆఫీసు నుంచి వస్తూ బండి మీంచి పడ్డాను. కుడి చీలమండ విరిగింది. ప్లేటూ ఆరు స్క్రూలూ వేశారు. ఎముక అతుక్కుంది గానీ పాదం పైకి పూర్తిగా వంగడం మానేసింది. నడకకి ఇబ్బంది లేదు, మెట్లెక్కుతాను, ఆఫీసుకెళ్తాను. కానీ మళ్ళీ డ్రమ్స్ ముందు కూర్చుని పెడల్ మీద కాలేసిన రోజు, రెండు నిమిషాల్లో చెమటలు పట్టాయి. నొప్పితో. మా అమ్మకి ఫోన్లో చెప్తే, "పోన్లేరా, ఆ డబడబలు ఇహ ఆపెయ్యి" అంది. ఇంజనీరింగ్ రెండో ఏడు నుంచీ వాయిస్తున్నాను నేను. రోజంతా చేసే పని వేరే వాళ్ళది, సాయంత్రం ఆ గంటే నాది. పోన్లే అనుకోవడం అంత తేలిక్కాలేదు.

ఒక ఆదివారం టేపు పట్టుకుని కూర్చున్నాను. నా పెడల్ బోర్డు పొడుగు 25 సెంటీమీటర్లు. ముందు చివర నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే దాదాపు 24 డిగ్రీల వాలు. అదే బోర్డుని 33 సెంటీమీటర్లు చేసి హింజిని వెనక్కి జరిపితే వాలు 18 డిగ్రీలకి దిగుతుంది. ఆరు డిగ్రీలు! నాకు కావాల్సింది సరిగ్గా ఆ ఆరు డిగ్రీలే. పొడుగు బోర్డు పెడళ్ళు రెడీమేడ్‌గా ఉన్నాయి. ధర చూసి బ్రౌజరు మూసేశాను. పైగా నా పెడల్ ఫ్రేము బంగారంలా ఉంది. చదివింది మెకానికల్, చేసేది జావా. ఎప్పుడో ఒకప్పుడు ఆ డిగ్రీకి పని చెప్పాలి కదా!

మొదటి ప్రయత్నం ఆ కొట్టతను ఇచ్చిన ప్లేటే. బస్సు మెట్ల మీద ఉండే గీతల గీతల అల్యూమినియం, 3 మిల్లీమీటర్లు. చూడ్డానికి అదిరింది. జారదు, తుప్పు పట్టదు, చవక. బాలానగర్‌లో ఓ లేత్ షాపులో కోయించి, కన్నాలు పెట్టించి, ఇంటికొచ్చి బిగించాను. మూడో రోజుకి అరటాకులా వంగిపోయింది.

అప్పుడు తీశాను పాత నోట్సు. ఈ పని ముందే చెయ్యాల్సింది, చెయ్యలేదు. హింజి దగ్గరా చైను దగ్గరా ఆనుకుని, మధ్యలో బరువు మోసే దూలం అది. మునివేళ్ళ వెనక మెత్తటి భాగం ఎక్కడ ఆనుతుందో అక్కడే వంపు ఎక్కువ. గట్టిగా తొక్కితే 30 కిలోల బరువు పడుతుందనుకుంటే, ఆ పలచటి ప్లేటులో ఒత్తిడి 180 మెగాపాస్కల్స్ దాటుతోంది. బస్సు మెట్ల అల్యూమినియం మెత్తటి రకం, అది అంత మొయ్యదు. 6061 అనే మిశ్రమలోహం 6 మిల్లీమీటర్ల మందం తీసుకుంటే ఒత్తిడి నాలుగో వంతుకి పడిపోతుంది, హాయిగా మోస్తుంది. కాకపోతే పలక బరువు 430 గ్రాములు అవుతోంది.

అయితే ఏంటి, అరకిలో కూడా లేదుగా అనుకున్నాను. ఇక్కడే అసలు తిరకాసు. నొక్కేటప్పుడు ఆ బరువు మనకి తెలీదు. తిరిగి లేచేటప్పుడు తెలుస్తుంది. స్ప్రింగు బీటర్‌తో పాటు ఈ పలకనీ లేపాలి. బరువు పెరిగితే స్ప్రింగు బిగించాలి, స్ప్రింగు బిగిస్తే కాలు ఇంకా గట్టిగా తొక్కాలి. నా కాలికి సరిగ్గా వద్దన్నది అదే.

ఈ లోపు ఆఫీసులో తెలిసినవాళ్ళంతా సలహాలు మొదలుపెట్టారు. ఒకడు యాక్రిలిక్ అన్నాడు, లోపల లైట్లు కూడా పెట్టొచ్చట. కన్నం పెట్టిన చోటు నుంచి బీటలు వారుతుంది నాయనా అన్నాను. పాలికార్బొనేట్ పగలదు గానీ ఊగుతుంది, తొక్కుతుంటే బురదలో నడిచినట్టు ఉంటుంది. ఇంకొకడు కార్బన్ ఫైబర్ అన్నాడు. వాడు ఏది అడిగినా అదే అంటాడు లెండి.

చెక్క అని ఒక్కరూ అనలేదు. నేనూ అనుకోలేదు. లెక్క కాగితం మీద ఊరికే ఒక గడిలో టేకు వేసి చూశాను, వచ్చిన అంకె నమ్మబుద్ధి కాక రెండోసారి చేశాను. పలక బిగుతు మందం ఘనంతో పెరుగుతుంది. చెక్క లోహం కన్నా మెత్తనే, కానీ తేలిక కాబట్టి మందం రెట్టింపు చెయ్యొచ్చు. 12 మిల్లీమీటర్ల టేకు పలక, 6 మిల్లీమీటర్ల అల్యూమినియం కన్నా తక్కువ వంగుతుంది. బరువు చూస్తే దాదాపు 200 గ్రాములు, సగం కంటే తక్కువ! మనకి తెలీని విషయంలో ఖరీదైనదే మంచిదనుకునే జబ్బు ఒకటుంది. ఆఫీసులో క్వెరీ సరిగా రాయకుండా పెద్ద సర్వరు అడుగుతామే, అదే జబ్బు. అన్నట్టు, 1909లో షికాగోలో విలియం లడ్విగ్ తన పెడల్‌ని అమ్మకానికి తెచ్చాడు, ఇప్పటి పెడళ్ళకి అది తాతలాంటిది. దాని మొదటి నమూనా చేసుకున్నది కూడా చెక్కతోనే.

మా అపార్టుమెంటులో కప్‌బోర్డులు చేసిన వడ్రంగి బాబాయ్‌ని పట్టుకుని టింబర్ డిపోకి వెళ్ళాం. నేను మంచి రంగున్న ముక్క ఏరాను. ఆయన పక్కకి తిప్పి చూసి విసిరేశాడు.

"ఇది కాదు బాబూ, గీతలు అడ్డంగా పోతన్నాయి. కాలేసి తొక్కితే చీలిపోద్ది."

ముడి ఉన్నది వద్దన్నాడు, పచ్చిగా ఉన్నది వద్దన్నాడు. గంటసేపు వెతికి, గీతలు ఈ చివర్నుంచి ఆ చివరికి తిన్నగా పోయే ముక్క తీశాడు. నా లెక్కల కాగితంలో ఈ సంగతి ఎక్కడా లేదు. టేకు పొడుగునా ఎంత బలమో అడ్డంగా అంత బలహీనం. నేను వాడిన అంకె పొడుగుది మాత్రమే.

పలక ముందు వైపు రెండు చివర్లూ గుండ్రంగా కోయించాను. అందం కోసం కాదు. తిప్పేటప్పుడు బరువు లెక్క దూరం వర్గంతో ఉంటుంది. హింజికి పావు దూరంలో ఉన్న 10 గ్రాములు, చైను చివరున్న 10 గ్రాములతో పోలిస్తే పదహారో వంతే లెక్క. చెక్కేదేదో ముందు చివరే చెక్కాలి. ఖరీదైన పెడళ్ళ మీద చూసి మధ్యలో వరసగా కన్నాలు పెట్టించాలని నాకు భలే సరదాగా ఉండేది గానీ, వంపు ఎక్కువుండేది అక్కడే కాబట్టి మానుకున్నాను. అడుగున పీఠానికి మాత్రం ఇనుమే, 4 మిల్లీమీటర్లది. అది కిలో పైనే ఉంటుంది. అది కదలకూడదు కాబట్టి ఎంత బరువుంటే అంత మేలు.

తప్పులు ఇంకో రెండు చేశాను. చైను బిగించే బ్రాకెట్‌కి చెక్క స్క్రూలు వేస్తే రెండు వారాల్లో వదులైపోయాయి. తీసేసి ఇటు నుంచి అటు పోయే బోల్టులు, పెద్ద వాషర్లు వేశాను. రెండోది పాలిష్. బాబాయ్ ముచ్చటపడి అద్దంలా వార్నిష్ కొట్టాడు. నేను చెప్పుల్లేకుండా వాయిస్తాను, చెమట పాదం సర్రున జారింది. ఆయన చూడకుండా గరుకు కాగితంతో మొత్తం గీకేసి, మెట్ల మీద అంటించే నల్లటి గరుకు టేపు రెండు ముక్కలు వేశాను. పాపం, ఇప్పటికీ అడుగుతుంటాడు, "పాలిష్ బాగుందా బాబూ" అని. సూపరు అంటాను.

నిన్న సాయంత్రం ఆపకుండా పదిహేడు నిమిషాలు వాయించాను. తర్వాత నొప్పి వచ్చింది, కానీ ఇది వేరే నొప్పి, పిక్కలో, చాన్నాళ్ళు పని చెయ్యని కండరం నొప్పి. దాన్ని నేను సరదాగానే భరిస్తాను. కాకపోతే హింజి ఎక్కడో టిక్కుటిక్కుమంటోంది. తలుపులకి వేసే మామూలు హింజి అది, మొదట్లోనే కొంచెం లూజు. 8 మిల్లీమీటర్ల ఇరుసు వేసి, స్కేటింగ్ చక్రాల్లో ఉండే చిన్న బేరింగులు రెండు పెట్టిస్తే పోతుందనుకుంటున్నాను. శనివారం మళ్ళీ బాలానగర్ వెళ్ళాలి.