బేగంబజారులో నూరు డిగ్రీలు

హైదరాబాదుకు చుట్టపుచూపుగా వచ్చినవారు చార్మినారు చూసి వెళ్ళిపోతారు. ఇక్కడ కాపురం పెట్టినవారికి మాత్రం బేగంబజారు తప్పదు. మొజంజాహీ మార్కెట్టు దగ్గర దిగి ఉస్మాన్‌గంజ్ వైపు నడక మొదలుపెడితే, బజారు కంటికి ఆనకముందే ఎండుమిర్చి ఘాటు ముక్కుకు తగులుతుంది. రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హుమ్డా బేగం వర్తకులకు ఇచ్చిన నేల కాబట్టి దీనికి ఆ పేరు వచ్చిందంటారు. బేగంగారు ఇచ్చింది నేలే గాని, ఇప్పుడక్కడ కాలు మోపుదామంటే నేల కనిపించదు. అంతా ఠేలాబండ్లు, బస్తాలు, హమాలీల కేకలు, పెళ్ళి సామాను బేరమాడే కుటుంబాలు!

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ సందుల్లో ఫోటోల యంత్రం పని ఏం పడిందని మీరు అడగవచ్చు. చెబుతాను.

మా ఇంట్లో రెండో స్నానాల గది నా చీకటిగది. అందులో ఫిల్ము కడిగే జర్మనీ యంత్రం ఒకటి ఉంది. ఒక స్టూడియో మూసేస్తుంటే చౌకగా కొన్నాను. చూడడానికి పెద్ద నీళ్ళ తొట్టి. తొట్టిలో మందుల సీసాలు వెచ్చగా నిలబడి ఉంటాయి. ఫిల్ము చుట్టిన గుండ్రని డబ్బా అడ్డంగా పడుకుని, మోటారు మీద కాసేపు ఇటూ కాసేపు అటూ దొర్లుతుంది. వేడిని ఒకే తీరున నిలపడం దాని పని. పేరుకు ఆటోమేటిక్. ఇదే నగరంలో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ (1844–1905) ఏ మోటారూ లేకుండానే గాజుపలకల మీద అంత పని చేశాడన్న సంగతి, మోటారు మొరాయించినప్పుడల్లా గుర్తుకొస్తుంది.

మూడేళ్ళుగా అది మూలన పడి ఉంది. దాన్ని మళ్ళీ లేపవలసిన అవసరం ఈ వేసవిలో వచ్చింది. అటక సర్దుతుంటే పాత కెమెరా సంచిలో కడగని రంగుల ఫిల్ము ఒకటి దొరికింది. దాని డబ్బీ మీద నా దస్తూరీలోనే ‘2009, బేగంబజారు’ అని ఉంది. అది మా చెల్లి పెళ్ళికి అమ్మ సామాను కొన్న రోజు. కడగకుండా ఎందుకు వదిలేశానో జ్ఞాపకం లేదు. అమ్మ పోయి ఆరేళ్ళయింది.

రంగుల నెగెటివుకు డెవలపరు 37.8 డిగ్రీల వేడిలో మూడుంపావు నిమిషాలు పనిచేయాలి. వేడి తప్పితే రంగులు తప్పుతాయి. తరవాత పోసే బ్లీచు, ఫిక్సరు చాలకపోతే మళ్ళీ పోసుకోవచ్చు. డెవలపరుకు మాత్రం రెండో అవకాశం లేదు. యంత్రాన్ని నమ్మి అమ్మ ఫిల్మును దానికి అప్పగించే ధైర్యం నాకు చాలలేదు.

అందుకని కొత్త ఫిల్ము ఒకటి కొని, బేగంబజారు వెళ్ళి, కనిపించిందల్లా తీశాను. పసుపుకొమ్ముల గుట్టలు, ఇత్తడి బిందెల వరసలు, జీడిపప్పు తూచే తక్కెడ. చీకట్లో ఆ ఫిల్మును మూడు ముక్కలు చేసి, మొదటి ముక్కను కడిగాను. బొమ్మలన్నీ పలచబడ్డాయి. అందులోనూ ఒక అంచు పొడవునా మరీ పలచన. తొట్టి నీళ్ళలో డెవలపరు రంగు తేలింది. జబ్బు ఒకటి కాదు, మూడు!

మొదటిది వేడి. మీట 38 చూపిస్తున్నా నీళ్ళు అంత వెచ్చగా లేవు. 1908 మూసీ వరద తరవాత కట్టిన ఉస్మాన్‌సాగర్ నీళ్ళు ఈ ఊరి దాహం తీర్చాయి గాని, మా వాడకానికి మాత్రం బోరునీళ్ళే. మీ గీజరులో పేరుకునే సున్నమే నా తొట్టిలో హీటరుకూ, వేడిని కనిపెట్టే మీటకూ దళసరిగా పట్టింది. దానికి మందు నిమ్మ ఉప్పు. కిరాణా దుకాణంలో రెండువందల గ్రాములు అడిగాను.

“కిలో సే కమ్ నై సాబ్,” అన్నాడు సేఠు, నా ముఖం చూడకుండానే.

కిలో తెచ్చాను. లీటరుకు ఇరవై గ్రాముల లెక్కన గోరువెచ్చని నీళ్ళలో కలిపి, గంటసేపు నిలవ ఉంచితే సున్నం పెచ్చులుగా ఊడివచ్చింది. మిగిలినదానితో మా ఆవిడ ఇంట్లో కొళాయిలన్నీ తళతళలాడించింది. యంత్రం వల్ల ఇంటికి జరిగిన మొదటి ఉపకారం ఇదేనని కూడా అన్నది.

రెండవది కారడం. డబ్బా మూతలోని రబ్బరు ఉంగరం ఎండి బిరుసెక్కింది. లోపల మందు తగ్గితే ఫిల్ము పూర్తిగా తడవదు. రబ్బరు వాషర్ల దుకాణంలో కొలతలు చెప్పబోతే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టి, “పాతది తెచ్చినవా సారూ?” అన్నాడు. తెచ్చాను. దాన్ని వేలికి తొడిగి, వంచి, నలిపి, గోడకున్న గుత్తులలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. మరమ్మతు పనికి బయలుదేరేవారు జేబులో పాత ముక్క వేసుకోవడం మరువకూడదు సుమా!

మూడవది వాలు. యంత్రం ఒక పక్కకు వాలి ఉంటే మందంతా ఆ కొసకే చేరుతుంది. రెండో అంచుకు దక్కదు. ఇనుప సామాను కొట్లో చిన్న రసమట్టం కొన్నాను. యంత్రం మీద కాదు, డబ్బా మీదే పెట్టి చూడాలి. బుడగ మధ్యకు వచ్చేదాకా ఒక కాలి కింద అట్టముక్కలు దూర్చాను.

ఇక వేడి సరిచూడాలి. 37.8 సెంటీగ్రేడు అంటే ఫారెన్‌హీటులో నూరు. అమ్మ పెట్టెలో పాత పాదరసం జ్వరమానిక ఉంది. దాన్ని విదిలించి తొట్టిలో ముంచాను.

“ఏమండీ, యంత్రానికి జ్వరమా?” అన్నది మా ఆవిడ గుమ్మంలోంచి.

“నూరు ఉండాలి. తొంభైతొమ్మిదే ఉంది,” అన్నాను.

మీట మరి కాస్త తిప్పితే నూరు అయింది. అరగంట ఆగి చూసినా నూరే. రెండో ముక్క కడిగితే పసుపు, ఇత్తడి చక్కగా వచ్చాయి. మర్నాడు మూడో ముక్కా అలాగే వచ్చాక, తలుపు గడియ పెట్టి, అమ్మ ఫిల్మును చీకట్లో చుట్టుకున్నాను. మూడుంపావు నిమిషాలూ గడియారాన్నే చూస్తూ నిలబడ్డాను.

పాత ఫిల్ము కదా, కొంత మసకబారింది. కొన్ని బొమ్మలు అసలే రాలేదు. వచ్చినవాటిని కిటికీ వెలుగుకు పట్టి చూశాను. ఇత్తడి దుకాణం ముందు అమ్మ బిందెను చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో కొట్టి మోత వింటున్నది. పగులు లేదని తేలేదాకా దుకాణాదారు మాట నమ్మేది కాదు.

నెగెటివులో తెలుపు నలుపవుతుందని మీకు తెలుసు. ఆనాటికే పండిపోయిన అమ్మ జుట్టు, కిటికీ వెలుగులో నిగనిగలాడుతూ నల్లగా ఉంది. చెల్లికి ఫోన్ చేశాను. ఆ బిందెలోనే ఇప్పటికీ మంచినీళ్ళు పడుతున్నానన్నది.