పత్తి నేలలో బట్ట పాఠం ఏదీ?

ఆగస్టు 7 వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 2015 నుంచీ ఆ రోజు జాతీయ చేనేత దినోత్సవం. ఆడపిల్లలకు మంగళగిరి చీరలు చుట్టి, బడి వరండాలో వరసగా నిలబెట్టి ఫొటోలు తీస్తారు. మర్నాడు టైంటేబుల్లో ఉన్న ఒక్క క్రాఫ్టు పీరియడునూ లెక్కలకు లాగేసుకుంటారు. తను కట్టింది ఎన్నో నంబరు నూలో, అది గుంట మగ్గం మీద ఎలా నేస్తారో ఆ పిల్లకు చెప్పే నాథుడుండడు.

మనం నల్లరేగడి వాళ్ళం. మిరప కల్లాల్లో, పత్తి బోరాల మీద ఆడుకుని పెరిగాం. పర్చూరులోనో సత్తెనపల్లిలోనో పత్తి కొనేవాణ్ణి గమనించండి. బోరెంలో చెయ్యి పెట్టి కాస్త దూది తీస్తాడు. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగుతాడు, పోగులు సరిచేసి మళ్ళీ లాగుతాడు, గోటికి ఆనించి చూస్తాడు, ధర చెబుతాడు. అతను చూసింది పింజ పొడుగు. 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లుంటే పొడుగు పింజ, 24.5 నుంచి 25.5 అయితే మధ్యరకం. సర్కారు మద్దతు ధర కూడా రెంటికీ వేరు. ఎదురుగా నిలబడ్డ రైతు కూతురు తొమ్మిదో తరగతి. స్కేలు ఆమె జామెట్రీ బాక్సులోనే ఉంది. ఆ కొలత బళ్ళో నేర్పితే ఎవరి సొమ్ము పోతుంది?

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ‘టెక్స్‌టైల్స్ అండ్ డిజైన్’ అనేది పన్నెండో తరగతి పరీక్షకు తీసుకోదగ్గ సబ్జెక్టు. విద్యార్థి స్వయంగా ఆలోచించి తయారుచేసిన వస్త్రానికే సగం మార్కులు. మనకేమీ లేదని కాదు. 1937లో వార్ధాలో గాంధీ గారు చేతిపనినే చదువుకు మూలం చేయమన్నారు. మన పరీక్షల శాఖ చేనేతకూ టైలరింగుకూ లోయర్, హయ్యర్ పరీక్షలు జరుపుతూనే ఉంది. అవి టైంటేబుల్లో పాఠాలు కావు, బడి బయటి సర్టిఫికెట్లు. బాగా చదివే పిల్లను అటు పంపే ఇల్లు నేనైతే చూడలేదు. ఆ చిన్నచూపే నాకు కడుపుమంట.

మా హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారొకాయన ఉండేవారు. గుడ్డముక్క చేతికిచ్చి పడుగేదో పేకేదో చెప్పమనేవారు. అంచు వెంట నడిచేది పడుగు. అంచు కత్తిరించేసిన ముక్కయితే పోగు లాగి, గంజి బిరుసు చూసి పోల్చాలి. ఆ తర్వాత నూలు నంబరు లెక్క. ఒక చిలప 840 గజాలు. పౌను నూలుకు ఎన్ని చిలపలు తూగితే అది అన్నో నంబరు. మంగళగిరిలో వాడే 80వ నంబరు నూలు పౌనుకు 67,200 గజాలు! అర కిలో కూడా లేని ఆ నూలు దాదాపు 61 కిలోమీటర్లు సాగుతుందని బోర్డు మీద లెక్కగట్టి చూపిస్తే, గుంటూరు నుంచి చీరాల దగ్గరదాకా దారం పరిచినట్టే అనిపించి క్లాసంతా నోళ్ళు తెరిచాం. నిష్పత్తి అంటే ఏమిటో నాకు ఒంటబట్టింది ఆ రోజే. అలాంటి పీరియడును లెక్కల కోసం రద్దు చేయడమేమిటి?

చీరాల అన్నాను గనక అక్కడ నేసిన తేలియా రుమాలు సంగతి చెప్పకుండా ఉండలేను. ఆముదపు కాయల బూడిద నీళ్ళూ నూనే కలిపి, అందులో నూలును పదేపదే నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవారు. ఆ నూనె పట్టడం వల్లే ఎరుపు అంతగా పట్టి నిలిచేది. అరబ్బు దేశాలకు ఓడలెక్కింది ఆ రుమాలు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. పడుగూ పేకా రెండూ ముందే ముళ్ళు కట్టి అద్దకం వేస్తారు. మగ్గం మీద ఒకదానిమీదొకటి పడ్డప్పుడు బొమ్మ తేలాలి. ఒక్క పోగు జరిగినా గడియారం బొమ్మ వంకర. విమానం బొమ్మలు కూడా వేశారు! రెండు పక్కలా ఒకేలా వచ్చే బొమ్మయితే నూలు మడిచి ఒకేసారి ముడి వేస్తారు, విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. సౌష్ఠవం మీద పదోతరగతి పిల్లకు ఇంతకన్నా మంచి పాఠం ఎవరైనా రాయగలరా?

ఆ పని చీరాలనుంచి నల్గొండ వైపు పోయి పుట్టపాకలో నిలిచింది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాక పేరు మీదే వచ్చింది. వాళ్ళు కాపాడారు, వాళ్ళకు దక్కాలి. కానీ ఆ ముడి వేయడం చీరాల, పేరాల, వేటపాలెం బళ్ళలో మళ్ళీ నేర్పాలి. గురువులుగా పుట్టపాక వాళ్ళనే పిలవాలి, జీతమిచ్చి, మాస్టారూ అని పిలిచి.